తెల్లవారుజాము ఇరవై నిమిషాలకు ఒక కొత్తవాడ షత్రంజి

ఈ సమీక్ష ఒక చేనేత షత్రంజి గురించి, అంటే నేల మీద పరుచుకునే నూలు జంపఖానా గురించి. ఆరు అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు, ముదురు నీలం నేల, రెండు కొసలకూ ఎరుపు తెలుపు గళ్లు. వరంగల్ కొత్తవాడలో ఒక ఇంటి మగ్గం మీద నేసినది. గత ఏప్రిల్‌లో కొన్నాను, ఇప్పటికి పదకొండు నెలలైంది. పడక కోసమో, ఇంటికి వచ్చినవాళ్లకు పరచడం కోసమో అయితే నేను ఇంకేదైనా తీసుకునేదాన్ని. రోజూ తెల్లవారుజామున ఇరవై నిమిషాలు ఏ పనీ పెట్టుకోకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవడానికి దీనిని తీసుకున్నాను. కాబట్టి రంగు, నేత, మన్నిక వంటి విషయాలు చెప్తూనే, ఆ కూర్చోవడానికి ఇది ఎంతవరకు తోడ్పడిందన్న లెక్కతోనే దీనిని తూస్తాను.

మా ఇల్లు హన్మకొండలో. పరకాల వైపు ఒక ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్తాను. పొద్దున ఏడున్నరకు బస్సు అందుకోవాలి. అంతకుముందే వంట, డబ్బాలు, అత్తమ్మ మందులు, నల్లా నీళ్లు పట్టుకోవడం అన్నీ అయిపోవాలి. రెండేళ్ల కిందట రక్తపోటు ఎక్కువగా ఉందని తేలినప్పుడు డాక్టరు గారు మాత్ర రాసి, రోజుకు కాసేపు ఏమీ చేయకుండా కూర్చోమన్నారు. మాత్ర వేసుకోవడం తేలికైంది. ఏమీ చేయకుండా కూర్చోవడం మాత్రం నాకు అంతవరకు తెలియని పని. నేను కూర్చున్నానంటే ఒడిలో చిక్కుడు కాయలైనా ఉండేవి, ఎదుట జవాబు పత్రాలైనా ఉండేవి. టీవీ ముందు కూర్చున్నప్పుడు కూడా చేతులు బట్టలు మడతపెడుతూనే ఉండేవి. ఖాళీ చేతులతో కూర్చోవడం తప్పు చేయడంలా అనిపించేదని ఇప్పుడు ఒప్పుకోగలను.

మొదట అందరిలాగే ఆన్‌లైన్‌లో ఒక యోగా చాప తెప్పించాను. ఆ కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. అది నురగ పదార్థంతో చేసినది. విప్పిన రోజు నుంచి మూడు వారాల దాకా గదంతా కొత్త చెప్పుల దుకాణం వాసన వచ్చింది. మాది షాబాదు బండల నేల. అరిగి నునుపెక్కిన ఆ బండల మీద చాప జారేది, కొసలు పైకి లేచి ముడుచుకునేవి, మే నెలలో చెమటకు కాళ్లకు అంటుకునేది. ఇవన్నీ భరించదగినవే. అసలు ఇబ్బంది మరొకటి ఉందని చాలా ఆలస్యంగా గుర్తించాను. అది చుట్టి బీరువా వెనక నిలబెట్టే వస్తువు కాబట్టి, రోజుకో చోట పరిచేదాన్ని: ఒకరోజు పడకగది, ఒకరోజు హాలు, ఒకరోజు డాబా. ఈరోజు ఎక్కడ కూర్చోవాలన్న ఆలోచనతోనే మనసు పరుగు మొదలుపెట్టేది. నాలుగు నెలల్లో ముప్పై రోజులు కూర్చున్నానో లేదో చెప్పలేను.

మా పాఠశాలలో పనిచేసే ఒక అక్క, వాళ్ల అమ్మాయి పెళ్లికి జంపఖానాలు కొనడానికి కొత్తవాడ వెళ్తూ నన్ను తోడు రమ్మంది. వరంగల్‌లో పుట్టి పెరిగినవాళ్లకు కొత్తవాడ గురించి కొత్తగా చెప్పనక్కర లేదు. వరంగల్ దర్రీలకు, అంటే ఈ షత్రంజీలకే, 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిందన్న సంగతి మాత్రం నాకు వార్తల్లో చదివిందే తప్ప, అది నా ఇంటి అవసరానికి పనికొచ్చే విషయమని ఎప్పుడూ అనిపించలేదు. బయటి ఊళ్ల పాఠకుల కోసం ఒక్క తేడా చెప్పాలి. తివాచీకి ముడులు వేసి, పైకి లేచిన పోగులను సమంగా కత్తిరిస్తారు. దాని పైవైపు మెత్తగా, నూగుగా ఉంటుంది. షత్రంజికి ఆ నూగు ఉండదు. పడుగు (నిలువు పోగులు) మీద పేక (అడ్డ పోగులు) దగ్గర దగ్గరగా కొట్టుకుపోయి, పడుగు పోగులు కంటికి కనబడనంత గట్టిగా, చదునుగా అల్లుకుపోతుంది. అందుకే దీనికి పైవైపు, కిందివైపు అన్న భేదం లేదు. ఏ వైపు పరిచినా ఒకేలా ఉంటుంది.

మేము వెళ్లిన ఇంట్లో ముందు గది అమ్మకానికి, వెనక గది మగ్గానికి. అరవై దాటిన ఒక పెద్దాయన నేస్తున్నారు. మా అక్క బేరాల్లో ఉన్నంతసేపు నేను ఆయన పక్కన గడప మీద కూర్చున్నాను. గళ్లు వచ్చే చోట ఆయన పని చూడవలసినది. ఎరుపు పేక తన గడి అంచు వరకు వచ్చి ఆగుతుంది. అటువైపు నుంచి తెలుపు పేక వచ్చి ఆగుతుంది. ఆ రెండు పోగులనూ ఒకదానిలో ఒకటి కొక్కెంలా తగిలించి వెనక్కి తిప్పుతారు. ఇలా తగిలించకపోతే రెండు రంగులు కలిసే చోట చీలిక మిగిలిపోతుంది. ప్రతి వరుసలో, ప్రతి గడి దగ్గర ఈ పని చేతితోనే జరగాలి. షత్రంజ్ అంటే చదరంగమనీ, ఈ గళ్లను బట్టే ఆ పేరు వచ్చిందనీ ఆయనే చెప్పారు. 

"ఇంత ఓపిక ఎట్లా వచ్చింది కాకా?" అని అడిగాను.

"ఓపికేముందమ్మా, అలవాటు. నూలు ఎంత మంచిదైనా చెయ్యి తొందరపడితే అంచు వంకర పోతది. అందుకే కోపమొచ్చిన రోజు నేను మగ్గం ఎక్క. కండెలు చుట్టుకుంట కూసుంట."

కోపం వచ్చిన రోజున కూడా పని మానకుండా, ఆ కోపానికి తగిన చిన్న పనిని ఎంచుకునే ఆ పద్ధతి నాకు నచ్చింది. ఆయన పక్కన మడిచి ఉన్న నీలం షత్రంజిని అప్పుడే తీయించి చూశాను. తొమ్మిది వందల రూపాయలు చెప్పారు. మా అక్క అలవాటుగా ఏడు వందలకు అడగబోతే నేను వద్దన్నాను. ఆ నీలం షత్రంజికి ఎన్ని రోజులు పట్టిందో, నూలుకు ఎంత అయిందో అంతకుముందే ఆయన నాకు చెప్పి ఉన్నారు. మిగిలిన కూలి ఎంతో లెక్క వేసుకున్న తర్వాత నోరు రాలేదు. ఆయన కొడుకులిద్దరూ సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తున్నారట. ఇంట్లోని మగ్గం తనతోనే ఆగిపోతుందేమోనని ఆయన మామూలు గొంతుతోనే అన్నారు. నా ప్రశాంతత కోసం నేను కొంటున్న వస్తువులో మరొకరి బతుకు బరువు ఉందన్న మాట ఇంటికి వచ్చేదాకా నన్ను వదలలేదు. ఇప్పటికీ వదిలిందని అనను.

ఇంటికి తెచ్చిన తర్వాత ఒక నిర్ణయం తీసుకున్నాను: దీనిని చుట్టి దాచకూడదు. నడి గదిలో తూర్పు కిటికీ కింద, బియ్యం డబ్బాలకూ దేవుడి గూటికీ మధ్య, సరిగ్గా ఇది పట్టేంత జాగా ఖాళీ చేసి అక్కడే పరిచాను. దీని బరువు ఇక్కడ పనికొచ్చింది. గట్టి నూలుతో బిగించి నేసినది కనుక బండల మీద వేసిన చోటే ఉంటుంది. కొసలు లేవవు, కాలు పెడితే జారదు. వేసవిలో చెమటను పీల్చుకుంటుంది, ఒంటికి అంటుకోదు. చలికాలంలో తెల్లవారుజామున షాబాదు బండ ఎంత చల్లగా ఉంటుందో తెలిసినవాళ్లు ఆలోచించుకోవాలి: ఒక్క పొర షత్రంజి ఆ చలిని పూర్తిగా ఆపలేదు. డిసెంబరు, జనవరి నెలల్లో దీనిని రెండు మడతలు వేసి, దాని మీద పాత చీరల బొంతను నాలుగు మడతలు చేసి పెట్టుకుని కూర్చున్నాను. ఆ బొంత ఎత్తు చలి తగ్గాక కూడా తీసేయలేదు; తుంటి భాగం మోకాళ్ల కంటే కొంచెం ఎత్తులో ఉంటే నడుము దానంతట అది నిటారుగా నిలుస్తుంది. భగవద్గీత ఆరో అధ్యాయంలో ధ్యానానికి ఆసనం గురించి చెప్పినప్పుడు శుభ్రమైన చోట, కదలనిదిగా, మరీ ఎత్తుగానూ మరీ పల్లంగానూ కాకుండా, దర్భ, చర్మం, వస్త్రం పరిచి ఉండాలని ఉంది. చిన్నప్పటి నుంచి వింటున్న ఆ మాటలో కదలనిదిగా అన్న షరతు ఎందుకు పెట్టారో నాకు ఈ నీలం షత్రంజి మీద కూర్చున్నాకే అర్థమైంది.

నేను చేసే సాధన చాలా చిన్నది. ఐదింటికి నల్లా నీళ్లు పట్టుకోవడం అయ్యాక, పొయ్యి వెలిగించకముందు వచ్చి కూర్చుంటాను. ఊపిరి తీసుకోవడాన్ని, వదలడాన్ని గమనిస్తాను. వదిలేటప్పుడు కొంచెం నిదానంగా వదులుతాను. ఊపిరి తీసుకునేటప్పుడు గుండె కొద్దిగా వేగంగా, వదిలేటప్పుడు కొద్దిగా నెమ్మదిగా కొట్టుకుంటుంది. నిదానంగా వదిలినకొద్దీ ఆ నెమ్మది సమయం పెరుగుతుంది. ఇందులో మంత్రమేమీ లేదు, ఒంటి తీరే అది. మనసు పక్కకు వెళ్లినప్పుడు, వెళ్లిందని తెలిసిన క్షణంలో మళ్లీ ఊపిరి దగ్గరికి వస్తాను. మొదటి నెలంతా ఇరవై నిమిషాల్లో పద్దెనిమిది పక్కనే గడిచాయి. గ్యాసు సిలిండరు, పదో తరగతి మార్కుల జాబితా, చెల్లెలితో పడిన మాట, బస్సులో చిల్లర, అన్నీ వరుసగా వచ్చి కూర్చునేవి. లేచిన తర్వాత దండగ అనిపించిన రోజులే ఎక్కువ. అయినా మర్నాడు వచ్చి కూర్చున్నానంటే దానికి నా పట్టుదలకంటే, ఆ గదిలోకి అడుగు పెట్టగానే కనబడే నీలం రంగే ఎక్కువ కారణం. పరిచి ఉంది కాబట్టి కూర్చున్నాను. చుట్టి బీరువా వెనక ఉండి ఉంటే మళ్లీ ముప్పై రోజులకే ఆగిపోయేదాన్ని.

మరొక ఉపకారం నేను ఊహించనిది. నేను షత్రంజి మీద ఉన్నప్పుడు ఇంట్లో ఎవరూ నన్ను పిలవకూడదన్న నియమం ఎవరూ పెట్టకుండానే ఏర్పడింది. మా వారు తలుపు దాకా వచ్చి, చూసి, తన చాయ్ తానే పెట్టుకోవడం మొదలుపెట్టారు. మా అబ్బాయి ఇస్త్రీ చొక్కా కోసం అరవడం మానేశాడు. ఇరవయ్యేళ్ల సంసారంలో నాకంటూ ఇంట్లో మూడడుగుల జాగా ఉండడం అదే మొదలు. ఈ మాట ఫిర్యాదుగా రాయడం లేదు. నేను అడగలేదు కాబట్టి ఎవరూ ఇవ్వలేదు, అంతే.

మార్పు ఏమిటని అడిగేవాళ్లకు పెద్ద సంగతులు చెప్పలేను. రక్తపోటు మాత్ర ఇప్పటికీ వేసుకుంటున్నాను, డాక్టరు చెప్పకుండా ఎవరూ మానేయకూడదు కూడా. కానీ అక్టోబరులో ఒకరోజు పరకాల బస్సు నా కళ్ల ముందే కదిలిపోయింది. మునుపైతే ఆ కోపం సాయంత్రం దాకా నాతో తిరిగి, మూడో పీరియడ్‌లో ఏదో ఒక పిల్లవాడి మీద పడేది. ఆరోజు ఊపిరి బరువెక్కడం నాకు తెలిసింది; తెలిసింది కనుక నిదానంగా వదిలాను; తర్వాతి బస్సుకు పావుగంట ఉంటే బస్టాండులో ఒక ముసలమ్మ సీతాఫలాల గంప దించుకోవడానికి సాయం పట్టాను. అప్పుడు ఆ పండ్ల వాసన నాకు చాలా సంతోషాన్నిచ్చింది. ఇంతకు మించిన సంతోషం ఏదో ఉంటుందనీ, అది పిల్లల పెళ్లిళ్లయ్యాక, రిటైరయ్యాక, ఏ తీర్థయాత్రలోనో దొరుకుతుందనీ ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆరోజు అది హన్మకొండ బస్టాండులోనే దొరికింది. అలాంటి రోజులు నెలకు నాలుగైదు వస్తున్నాయి. మిగిలిన రోజులు మామూలుగానే ఉంటున్నాయి.

ఇక లోపాల సంగతి. మొదటి ఉతుకులో నీలం రంగు బాగా దిగింది. తెల్ల గళ్ల అంచుల్లో లేత నీలం మరక మిగిలింది. చల్లటి నీళ్లలో విడిగా ఉతకమని వాళ్లు ముందే చెప్పారు, నేనే పనిమనిషికి ఆ మాట చెప్పడం మరిచాను. నీళ్లు పీల్చాక ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవనంత బరువవుతుంది. నీడలో ఆరబెట్టాలి, ఎండాకాలంలో ఒక పూట చాలు, వానాకాలంలో రెండు రోజులు పడుతుంది. ఆగస్టులో ఒకసారి సగం ఆరినదాన్ని తొందరపడి పరిస్తే ముక్కవాసన పట్టి, వారం దాకా పోలేదు. అప్పటి నుంచి వానాకాలంలో ఉతకకుండా, ఆదివారం ఎండ కాసినప్పుడు దండెం మీద వేసి దులపడంతో సరిపెట్టాను. అయిదో నెలలో ఒక కొస దగ్గర కుచ్చుల ముడి విడిపోయి రెండు మూడు వరుసల పేక వదులైంది. కొన్న చోటికి తీసుకెళ్తే ఆ పెద్దాయన అక్కడికక్కడే ముడి వేసి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండి కొనుక్కున్నవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు కాబట్టి, కొనేటప్పుడే కొసల ముడులు ఒక్కొక్కటీ లాగి చూసుకోవడం మంచిది.

బతుకమ్మ పండుగకు జరిగిన ఒక విషయం ఇక్కడ చెప్పకపోతే ఈ సమీక్ష నిజాయితీగా ఉండదు. సద్దుల బతుకమ్మ నాడు మా ఆడబిడ్డలు, వాళ్ల పిల్లలు వచ్చారు. గునుగు పూలకు రంగులు అద్ది ఆరబెట్టడానికి చోటు చాలక, నేను వంటింట్లో ఉన్నప్పుడు, పిల్లలు ఆ కట్టలను తెచ్చి షత్రంజి మీద పేర్చారు. చూసేసరికి గులాబీ, ఆకుపచ్చ మరకలు అరచేతులంత పడ్డాయి. నోటికి వచ్చినట్టు కేకలేశాను. ఏడేళ్ల మేనకోడలు తంగేడు పూలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ప్రశాంతత కోసం కొన్న వస్తువు మీద మరక పడిందని పండుగ పూట ఒక పసిపిల్లను ఏడిపించాను. మర్నాడు తెల్లవారి ఆ మరకల మీదే కూర్చున్నాను. ఆరోజు ఇరవై నిమిషాలూ ఆ పిల్ల ముఖమే కనబడింది, పక్కకు తిప్పుకోవడానికి ప్రయత్నించలేదు. లేచి, ఆడబిడ్డ ఇంటికి ఫోన్ చేసి ఆ పిల్లతో మాట్లాడాను. మరకలు రెండు ఉతుకులకు వెలిశాయి గానీ పోలేదు. ఇప్పుడు వాటిని పోగొట్టే ప్రయత్నం కూడా చేయడం లేదు.

మా అత్తమ్మ మెట్‌పల్లి వైపు నుంచి వచ్చిన మనిషి. చూపు తగ్గేదాకా, దాదాపు నలభై ఏళ్లు, బీడీలు చుట్టారు. నేను కళ్లు మూసుకుని కూర్చోవడం మొదట్లో ఆమెకు వింతగా ఉండేది. దసరా తర్వాత ఒకరోజు కుర్చీ తెచ్చుకుని, పాదాలు మాత్రం షత్రంజి మీద పెట్టి నా పక్కన కూర్చున్నారు. లేచాక అన్నారు: "చేతులు ఆకు మీదున్నంతసేపు మనసు ఎటూ పోయేది కాదు బిడ్డా. ఇప్పుడు చేతులకు పని లేదు, మనసుకేమో ఊరంతా తిరుగుడే." నేను పుస్తకాల్లో వెతికిన సంగతి ఆమెకు తునికాకు ముందు కూర్చున్నప్పుడే తెలుసన్న మాట. ఆ పని ఆమెకు దగ్గునూ, వంగిపోయిన వేళ్లనూ కూడా మిగిల్చింది, దానిని గొప్ప చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ ఆరోజు నుంచి ఆమె రోజూ వస్తున్నారు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోము. ఇన్నేళ్లలో మా మధ్య మాటలు పెరిగిన రోజులు చాలా ఉన్నాయి. మాట లేకుండా ఇద్దరం పక్కపక్కన కూర్చున్న రోజులు ఇవే.

కొనాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు, కుర్చీలోనే కూర్చోగలిగినవాళ్లు దీనికోసం తొందరపడనక్కర లేదు. లేదా మా అత్తమ్మలా పాదాల కింద వేసుకోవచ్చు. ఆసనాలు, సూర్య నమస్కారాలు చేసేవాళ్లకు ఇది పలచన. మోచేతులు, మోకాళ్లు నొక్కుకుపోతాయి, వాళ్లకు మందపాటి చాపే మేలు. మౌనంగా కూర్చోవడానికైతే నాకు తెలిసినంతలో ఇంతకంటే తగినది లేదు. దర్రీ పేరుతో మరమగ్గం మీద చేసినవి, పాలియెస్టర్ కలిపినవి కూడా బజారులో దొరుకుతున్నాయి. చేనేత గుర్తు ఉందో లేదో చూడండి. రెండు వైపులా తిప్పి, రంగులు కలిసే చోట పోగులు తగిలించి ఉన్నాయో, చీలికలున్నాయో వేలితో తడిమి చూడండి. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే కుచ్చు నుంచి ఒక పోగు తీసి కాల్చండి: నూలు కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. వీలైతే మగ్గం ఉన్న ఇంట్లోనే కొనండి, కాసేపు నేత చూడండి. ధర విషయంలో నేను చేసినట్టే చేయమని ఎవరికీ చెప్పలేను, కానీ అడిగే ముందు ఎన్ని రోజుల పనో ఒక్కసారి కనుక్కోండి.

పోయిన ఆదివారం అత్తమ్మను ఆటోలో కొత్తవాడ తీసుకెళ్లాను. ఆమె కోసం రెండడుగుల చిన్న షత్రంజి చెప్పాము; మూడు వారాలు పడుతుందన్నారు. ఏ రంగు కావాలని ఆ పెద్దాయన అడిగితే, ఆమె నేసి ఉన్న వాటన్నింటినీ వేళ్లతో తడిమి చూసి, తన చూపుకు ఆనేలా పసుపుపచ్చ అంచు పెట్టమన్నారు.